రిజల్ట్ టైప్ ఉన్నా సర్వర్ ఎందుకు పడింది? ఎర్రర్‌ని విలువగా చూసే పద్ధతిపై ఒక వివరణ

2025 నవంబరు 18 సాయంత్రం, మన టైంలో 4:50 దాటాక, ఎక్స్, చాట్‌జీపీటీ లాంటి సైట్లు చాలామందికి తెరుచుకోలేదు. వాటి ముందు నిలబడి ట్రాఫిక్ మోసే క్లౌడ్‌ఫ్లేర్ పడిపోయింది. తర్వాత ఆ కంపెనీ పెట్టిన వివరణలో రస్ట్ భాషలో ఉన్న చిన్న కోడ్ ముక్క కూడా ఉంది, అందులో ఒకచోట, ఎర్రర్ వస్తే అక్కడే ఆపేసే అన్‌ర్యాప్ అనే పిలుపు ఉంది. ఇంకేముంది, "రస్ట్ సేఫ్ అన్నారుగా, ఇదేనా సేఫ్" అని ఒక వర్గం, "అన్‌ర్యాప్ వాడితే భాషేం చేస్తుంది" అని ఇంకో వర్గం.

17 రోజుల తర్వాత, డిసెంబరు 5న, అదే కంపెనీ మళ్లీ సుమారు 25 నిమిషాలు దెబ్బతింది. ఈసారి లువా భాషలో ఉన్న పాత కోడ్. అక్కడ లేని విలువని ఉందనుకుని దాని లోపలికి చూడబోయింది, నిల్ ఎర్రర్ వచ్చింది. గట్టి టైప్ సిస్టమ్ (ఏ విలువ ఏ రకందో ముందే సరిచూసే ఏర్పాటు) ఉన్న భాషల్లో ఈ రకం తప్పు జరగదని, సైట్ల ముందు ట్రాఫిక్ అందుకునే ప్రోగ్రామ్‌ని, అంటే ప్రాక్సీని, రస్ట్‌లో తిరగరాసిన కొత్త రూపంలో ఇది రాలేదని కంపెనీయే ఒప్పుకుంది.

అంటే ఒకసారి రిజల్ట్ టైప్ (విలువ లేదా ఎర్రర్, రెండిట్లో ఒకటి ఇచ్చే రకం) ఉండి కూడా పడింది, ఇంకోసారి అలాంటిది లేక పడింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ టైపులు ఏం చేస్తాయో, ఏం చేయలేవో అర్థం కాదు. మొదటి నుంచి వద్దాం.

## "ఏబీ" అని ఉన్న చోట ఏ అంకె వేయాలి?

మార్కుల మెమోలో ఆబ్సెంట్ అయిన సబ్జెక్టు ఎదురుగా "ఏబీ" అని పడుతుంది. ఒక విద్యార్థికి తెలుగులో 72, లెక్కల్లో 88, ఫిజిక్స్‌లో ఏబీ ఉన్నాయనుకోండి. సగటు లెక్కించే ఫంక్షన్ రాయాలి. మార్కు అంటే అంకె అని మనం ముందే అనుకున్నాం కాబట్టి ఆ ఏబీని ఏదో ఒక అంకెగా మార్చాలి.

సున్నా వేస్తే సగటు 53.33. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడికీ వీడికీ తేడా పోయింది. పాత సీ భాష అలవాటు ప్రకారం మైనస్ 1 వేస్తే 159ని మూడుతో భాగించి 53 వస్తుంది, ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడటానికి శుభ్రమైన అంకెలా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆ సబ్జెక్టుని వదిలేసి లెక్కిస్తే 80. ఒకే మెమోకి మూడు సగటులు. ప్రోగ్రామ్ దేంట్లోనూ ఆగలేదు, ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు.

ఇలా ఒక మామూలు విలువకి రహస్యంగా "ఇది నిజం విలువ కాదు" అని అర్థం పెట్టడం ఎర్రర్ చెప్పే పద్ధతుల్లో చాలా పాతది. దీనికి కాస్త మెరుగైన తమ్ముడు నల్, అంటే "ఇక్కడ ఏమీ లేదు" అనే గుర్తు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం నల్ రిఫరెన్స్ పెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో లండన్‌లో మాట్లాడుతూ అది తన బిలియన్ డాలర్ల పొరపాటని చెప్పుకున్నాడు. నల్‌తో చిక్కేంటంటే, విద్యార్థి అనే టైప్ ఉన్న ప్రతి చోటా "విద్యార్థి లేదా ఏమీ లేదు" అని చదువుకోవాలి, కానీ టైప్ మాత్రం విద్యార్థి అనే రాసి ఉంటుంది. ఎక్కడ చెక్ చేయాలో, ఎక్కడ అక్కర్లేదో రాసినవాడి జ్ఞాపకం మీద ఆధారపడుతుంది.

మూడో దారి ఎక్సెప్షన్. తప్పు జరిగిన చోటే ఆపేసి, పిలిచినవాళ్లలో ఎవరో ఒకరు పట్టుకునేదాకా పైకి విసరడం. సున్నా వేయడం కంటే ఇది చాలా నయం, కనీసం అబద్ధం చెప్పదు. కానీ ఫంక్షన్ పేరు, అది తీసుకునేవి, ఇచ్చేవి ఎంత చూసినా అది ఏమేం విసురుతుందో చాలా భాషల్లో తెలియదు. లోపలికి వెళ్లి చదవాలి, అది పిలిచే వాటినీ చదవాలి.

జావా దీనికి మందు వేయబోయింది. చెక్డ్ ఎక్సెప్షన్ అని, ఏం విసురుతావో సంతకంలోనే (ఫంక్షన్ పేరు, తీసుకునేవి, ఇచ్చేవి రాసే లైన్‌లోనే) రాయి, పిలిచినవాడు పట్టుకోవాలి లేదా తానూ రాసుకోవాలి అని రూల్ పెట్టింది. ఆలోచన మంచిదే. ఆచరణలో ఏమైందో జావా ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఖాళీ క్యాచ్ బ్లాకులు పుట్టుకొచ్చాయి. తర్వాత వచ్చిన సీ షార్ప్, కాట్లిన్ రెండూ ఆ రూల్‌ని తీసుకోలేదు.

## ఆప్షన్, రిజల్ట్: రెండిట్లో ఏదో ఒకటే

హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషల నుంచి వచ్చిన పద్ధతిలో ఎర్రర్ విసిరేది కాదు, తిరిగి ఇచ్చేది. ఫంక్షన్ ఇచ్చే జవాబు టైప్‌లోనే "ఇది కుదరకపోవచ్చు" అన్న సంగతి రాసి ఉంటుంది.

ఆప్షన్ అంటే రెండే అవకాశాలు: విలువ ఉంది, లేదా లేదు. హాస్కెల్‌లో దీన్ని మేబీ అంటారు. రిజల్ట్ అంటే కూడా రెండే: ఓకే అయితే లోపల విలువ, ఎర్ర్ అయితే లోపల ఏం తప్పు జరిగిందో చెప్పే ఇంకో విలువ. హాస్కెల్, స్కాలాల్లో ఈదర్ అనేది దీనికి దగ్గరి చుట్టం. జావాకి ఆప్షనల్ 2014లో ఎనిమిదో వెర్షన్‌తో వచ్చింది, సీ ప్లస్ ప్లస్‌కి ఎక్స్‌పెక్టెడ్ అనే పేరుతో 23 ప్రమాణంలో వచ్చింది.

మన మెమోకి వర్తింపజేస్తే ఇలా ఉంటుంది:

మార్కు_చదువు("87") → ఓకే(87)
మార్కు_చదువు("870") → ఎర్ర్(హద్దు దాటింది)
మార్కు_చదువు("ఎనభై") → ఎర్ర్(అంకె కాదు)
మార్కు_చదువు("ఏబీ") → ?

ఇది ఇచ్చే జవాబుని నేరుగా కూడికలో పెట్టబోతే, కోడ్‌ని నడపకముందే సరిచూసే కంపైలర్ ఒప్పుకోదు, ఎందుకంటే అది అంకె కాదు, రిజల్ట్. ముందు విప్పి చూడాలి, ఎర్ర్ అయితే ఏం చేయాలో రాయాలి.

నాలుగో లైన్ కావాలనే ఖాళీ వదిలాను. ఏబీ అనేది ఎర్రర్ కాదు. మెమో ప్రింటింగ్ సరిగానే ఉంది, డేటా సరైనదే, ఆ విద్యార్థి పరీక్షకి రాలేదన్నది ఒక నిజం. "870" మాత్రం ఎవరో తప్పు కొట్టినది. రెండిటినీ ఎర్ర్‌లో పడేస్తే సగటు లెక్కించే దగ్గర మళ్లీ వేరు చేసుకోవాల్సి వస్తుంది. కాబట్టి మార్కు అనే టైప్‌నే రెండు ముఖాలతో రాయాలి: రాశాడు(87) లేదా ఆబ్సెంట్. చదవడం విఫలమైతే ఎర్ర్, చదవడం కుదిరి అక్కడ ఏబీ ఉంటే ఓకే(ఆబ్సెంట్). ఇలా "ఇది లేదా అది" అని టైప్ కట్టడం అలవాటైతే సగం సందర్భాల్లో అసలు ఎర్రర్ అనుకున్నవి ఎర్రర్లు కాదని తేలిపోతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, జనం తక్కువ మాట్లాడేదీ ఇదే.

## మెట్టు మీద మెట్టు: గొలుసు ఎలా కుదురుతుంది

ఒక్క ఫంక్షన్ అయితే విప్పి చూసుకోవచ్చు. వరసగా మూడు ఉంటే? హాల్ టికెట్ నంబరు చదవాలి, ఆ నంబరుతో డేటాబేస్‌లో విద్యార్థిని వెతకాలి, సగటు లెక్కించాలి. మూడూ విఫలం కావచ్చు. మూడోది ఎలా అంటే, ఆబ్సెంట్ సబ్జెక్టులు వదిలేసి లెక్కిస్తున్నాం కదా, అన్నిట్లోనూ ఆబ్సెంట్ అయితే భాగించడానికి సున్నా మిగులుతుంది. ప్రతి మెట్టు దగ్గరా విప్పుతూ పోతే కోడ్ కుడివైపుకి జరుగుతూ జరుగుతూ స్క్రీన్ దాటిపోతుంది.

అందుకే ఈ టైపులతో పాటు కొన్ని అతుకులు కూడా వస్తాయి. ముఖ్యమైనదాన్ని రస్ట్‌లో అండ్‌దెన్ అంటారు, స్కాలాలో ఫ్లాట్‌మ్యాప్. మన భాషలో రాస్తే:

హాల్‌టికెట్_చదువు(రాత)
.ఆ_తర్వాత(విద్యార్థిని_వెతుకు)
.ఆ_తర్వాత(సగటు_లెక్కించు)

మొదటిది ఓకే ఇస్తే లోపలి నంబరు రెండో దానికి వెళ్తుంది. రెండోది ఎర్ర్ ఇస్తే మూడోదాన్ని అసలు పిలవదు, ఆ ఎర్ర్ యథాతథంగా చివరికి వచ్చేస్తుంది. ఎఫ్ షార్ప్ భాష ప్రపంచంలో స్కాట్ వ్లాషిన్ దీన్ని రెండు రైలు పట్టాలతో పోల్చాడు. బండి మంచి పట్టా మీద బయలుదేరుతుంది, ఎక్కడ తప్పు జరిగితే అక్కడ పక్క పట్టాకి మళ్లుతుంది, ఆ తర్వాతి స్టేషన్లన్నీ దాటేసి నేరుగా చివరికి చేరుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోటు మ్యాప్‌కీ దీనికీ తేడా. విఫలం కాని పని, అంటే సగటుని రెండు దశాంశాలకి సవరించడం లాంటిది, అతకాలంటే మ్యాప్ చాలు. విఫలమయ్యే పనిని మ్యాప్‌తో అతికితే రిజల్ట్ లోపల ఇంకో రిజల్ట్ వస్తుంది, ఓకే(ఎర్ర్(దొరకలేదు)) అన్నట్టు. పైకి ఓకే, లోపల ఎర్ర్. ఆ రెండు పొరల్ని ఒకటిగా చదును చేయడమే ఆ ఫ్లాట్ అనే మాట చేసే పని. ఇలా అతికే వీలున్న టైపులకి పెట్టిన పేరు మోనాడ్, దాని గురించి భయపెట్టే వ్యాసాలు నెట్‌లో బోలెడున్నాయి, ఈ సందర్భం మటుకు ఇంతకుమించి తెలియక్కర్లేదు.

రస్ట్ ఇంకా ముందుకెళ్లి 2016 నవంబరులో వచ్చిన 1.13 వెర్షన్‌లో దీన్ని ఒక్క ప్రశ్నార్థకం గుర్తుకి కుదించింది. పిలుపు చివర ఆ గుర్తు పెడితే, ఓకే అయితే విలువ తీసుకుని ముందుకి పో, ఎర్ర్ అయితే ఇక్కణ్ణుంచే వెనక్కి పో అని. చదవడానికి మామూలు కోడ్‌లాగే ఉంటుంది, తప్పుకునే చోట్లు మాత్రం కంటికి కనిపిస్తాయి.

## మొదటి తప్పు దగ్గరే ఆగాలా, అన్నీ చెప్పాలా?

గొలుసులో ఒక స్వభావం దాగి ఉంది: మొదటి తప్పు దగ్గర ఆగిపోతుంది. డేటాబేస్ ఉదాహరణలో అది సరైనదే, నంబరే లేకపోతే వెతికేదేముంది. కానీ అప్లికేషన్ ఫారం తీసుకోండి. ఫోన్ నంబరులో తొమ్మిది అంకెలే ఉన్నాయి, పిన్‌కోడ్ తప్పు, పుట్టిన తేదీ వచ్చే ఏడాదిది. గొలుసు పద్ధతిలో ముందు ఫోన్ తప్పంటుంది, సరిచేసి పంపితే పిన్‌కోడ్ తప్పంటుంది, మళ్లీ పంపితే తేదీ. ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చుని ఫారాలు నింపేవాళ్లని అడగండి ఈ బాధ.

ఈ మూడు తనిఖీలకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, మూడూ నడిపి ఎర్రర్లన్నీ ఒక జాబితాలో పోగుచేయవచ్చు. ఫంక్షనల్ లైబ్రరీల్లో దీనికి వాలిడేషన్, వాలిడేటెడ్ లాంటి వేరే టైపులుంటాయి, స్కాలా క్యాట్స్ లైబ్రరీలో రెండోది ఉంది. చూడటానికి రిజల్ట్ లాగే ఉంటుంది, అతికే తీరు వేరు. ఒక పని జవాబు ఇంకో పనికి కావాల్సినప్పుడు గొలుసు, అక్కర్లేనప్పుడు పోగు.

## ఎర్ర్ లోపల ఏం పెట్టాలన్నదే అసలు తలనొప్పి

ఓకే లోపల ఏముండాలో ఎవరికీ గొడవ లేదు. ఎర్ర్ లోపల ఏముండాలన్న దగ్గరే టీములు కొట్టుకుంటాయి.

విద్యార్థిని వెతికే ఫంక్షన్ ఆప్షన్ ఇస్తుందనుకుందాం, దొరికితే విద్యార్థి, లేకపోతే లేదు. రిజల్ట్స్ రోజు డేటాబేస్ లోడ్ తట్టుకోలేక పడిపోయింది. ఇప్పుడేం ఇవ్వాలి? "లేదు" అని ఇస్తే స్క్రీన్ మీద "మీ హాల్ టికెట్ నంబరు తప్పు" అని వస్తుంది. అసలే టెన్షన్‌లో ఉన్న పిల్లాడు నంబరు పదిసార్లు మళ్లీ కొడతాడు, సర్వర్ మీద ఇంకా లోడ్. అలాంటి విద్యార్థి లేడు అనేదీ, చూడటానికి కుదరలేదు అనేదీ వేరు. ఆప్షన్‌కి ఆ తేడా చెప్పే చోటు లేదు, రిజల్ట్‌కి ఉంది.

సరే, రిజల్ట్ పెట్టాం. మొదటి మెట్టు ఇచ్చే ఎర్రర్ టైప్ వేరు, రెండో మెట్టు ఇచ్చేది వేరు, గొలుసుకి ఒకటే టైప్ కావాలి. కాబట్టి అన్నిటినీ కలిపే పెద్ద టైప్ రాసి ఒక్కోదాన్ని అందులోకి మార్చాలి. రస్ట్‌లో ఆ ప్రశ్నార్థకం గుర్తు ఈ మార్పిడిని కూడా తానే పిలుస్తుంది, కానీ మార్పిడి ఎలాగో ఎవరో ఒకరు రాయాలి. ఆ పనికి థిస్ఎర్రర్ అనే లైబ్రరీ వాడతారు. ఏ రకం తప్పైనా లాగ్‌లో రాసి వదిలేసేదే అయితే, అన్నిటినీ ఒకే మూటలో పెట్టే ఎనీహౌ వాడతారు. పిలిచినవాడు తప్పుని బట్టి వేరేగా ప్రవర్తించాలా, అక్కర్లేదా అన్నదాన్ని బట్టి ఈ ఎంపిక.

ఎక్సెప్షన్ తనతో పాటు ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వచ్చిందో స్టాక్ ట్రేస్ మోసుకొస్తుంది. ఎర్ర్ లోపల మనం పెట్టిందే ఉంటుంది. "ఫైల్ దొరకలేదు" అని ఒక్క ముక్క పైదాకా వస్తే ఏ ఫైలో, ఎవరు అడిగారో వెతుక్కోవాలి. ఎక్సెప్షన్ వైపు వాదించేవాళ్లు చెప్పే మాటల్లో దీనికి బలం ఉంది.

## "ఇది జరగదు" అన్న నమ్మకం

ఇప్పుడు అన్‌ర్యాప్ దగ్గరికి. రిజల్ట్‌ని విప్పి, ఓకే అయితే విలువ ఇవ్వు, ఎర్ర్ అయితే అక్కడికక్కడే ప్యానిక్ అయిపో, అంటే పని ఆపేయి, అని దాని అర్థం. ఎర్రర్‌ని పట్టించుకోకపోవడం కాదు, "ఇక్కడ ఎర్ర్ వచ్చే అవకాశమే లేదు, వస్తే ముందుకెళ్లే కంటే ఆగడం మేలు" అని చెప్పడం.

క్లౌడ్‌ఫ్లేర్‌లో ఏం జరిగిందంటే, బాట్లని (మనుషులు కాకుండా సైట్లు చూసే ప్రోగ్రాములని) గుర్తుపట్టే భాగానికి ఒక ఫీచర్ల ఫైల్, అంటే గుర్తుపట్టడానికి వాడే లక్షణాల జాబితా, ఐదు నిమిషాలకోసారి తయారై అన్ని మెషీన్లకీ వెళ్తుంది. డేటాబేస్ పర్మిషన్లలో చేసిన మార్పు వల్ల ఒక క్వెరీ రెట్టింపు వరసలు ఇవ్వడం మొదలుపెట్టింది, ఫైల్ ఉబ్బింది. చదివే కోడ్‌లో 200 ఫీచర్ల హద్దు ఉంది, మామూలుగా వాడేవి 60 దాకానే. హద్దు దాటగానే ఎర్ర్ వచ్చింది, దాని మీద అన్‌ర్యాప్ ఉంది, ఆ పని నడుపుతున్న థ్రెడ్ ప్యానిక్ అయింది. ఫైల్ తమ సొంత సిస్టమ్‌లోనే తయారవుతుంది, బయటివాళ్లది కాదు, కాబట్టి అది తప్పుగా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అదే రోజు అదే చెడ్డ ఫైల్ పాత ప్రాక్సీ వాడుతున్న కస్టమర్లకీ వెళ్లింది. అక్కడ ఏదీ పడిపోలేదు. బాట్ స్కోరు మాత్రం అందరికీ సున్నా వచ్చింది, స్కోరు తక్కువైతే బాట్ అని లెక్క. బాట్లని ఆపమని రూల్ పెట్టుకున్న సైట్లు మామూలు మనుషుల్ని కూడా ఆపేశాయి. ఒకవైపు గట్టిగా చప్పుడు చేసి పడిపోవడం, ఇంకోవైపు చప్పుడు లేకుండా తప్పు జవాబివ్వడం. ఏబీకి సున్నా వేసినట్టే.

అన్‌ర్యాప్ తీసేసి ఎర్ర్‌ని పైకి పంపి ఉంటే సరిపోయేదా? పైన ఉన్న కోడ్ ఏదో ఒకటి చేయాలి. నిన్నటి ఫైల్‌తో నడపాలా, బాట్ తనిఖీ లేకుండా అందర్నీ వదలాలా, అందర్నీ ఆపాలా? ఇది టైప్ చెప్పగలిగేది కాదు. ఎర్ర్ రావచ్చన్న సంగతి మాత్రం టైప్ చెప్పింది, ఆ రోజు కూడా చెప్పింది. రన్ అవుతుండగా వేరే ప్రోగ్రామ్ నుంచి వచ్చే ఏ డేటా అయినా, సొంత ఇంటిదైనా సరే, "జరగదు" కోవలోకి రాదని నా అభిప్రాయం. అదే కోడ్‌లో మనమే పైలైన్‌లో రాసిన "42" అనే రాతని అంకెగా మార్చేటప్పుడు అన్‌ర్యాప్ పెడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఈ "జరగదు" కథ రస్ట్‌తో మొదలైంది కూడా కాదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలో దాదాపు 37 సెకన్లకే దారి తప్పింది, కాసేపట్లో ముక్కలైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే పట్టలేదు. అలా పొంగే ప్రమాదమున్న ఏడు విలువల్ని ముందే గుర్తించి నాలుగింటికి రక్షణ పెట్టారు, మూడింటికి పెట్టలేదు, ప్రాసెసర్ మీద భారం తగ్గించాలని. ఏరియాన్ 4 దారిలో ఆ విలువ అంత పెరిగే వీలే లేదు. ఏరియాన్ 5 దారి వేరు. పైగా ఎక్సెప్షన్ వస్తే, రాకెట్ కదలికని కొలిచే ఆ కంప్యూటర్ ఆగిపోవాలని డిజైన్, బ్యాకప్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్, అదీ ఆగింది.

## ఇష్టపడనివాళ్ల వాదన

ఈ టైపులు అక్కర్లేదనేవాళ్లు అర్థం కాక అంటున్నారనుకోవడం పొరపాటు. వెబ్ సర్వర్లలో చాలా ఎర్రర్లకి మధ్యలో చేసేదేం లేదు, అన్నిటికంటే పైన ఒకచోట పట్టుకుని "క్షమించండి" పేజీ చూపిస్తారు. అలాంటప్పుడు ఇరవై ఫంక్షన్ల సంతకాల్లో రిజల్ట్ రాసుకుంటూ పోవడం ఎక్సెప్షన్ చేసే పనిని చేత్తో చేయడమే అని వాళ్లంటారు. రైలు పట్టాల పోలికని ప్రచారం చేసిన వ్లాషినే 2019లో దానికి ఎదురుగా ఒక వ్యాసం రాసి, ప్రతిదానికీ దీన్ని వాడొద్దన్నాడు.

ఎర్లాంగ్ భాష వాళ్లది మరో లోకం. తప్పు జరిగితే ఆ చిన్న ప్రాసెస్‌ని పడిపోనీ, దాన్ని గమనించే సూపర్‌వైజర్ మళ్లీ మొదలుపెడుతుంది అనేది వాళ్ల పద్ధతి. టెలిఫోన్ ఎక్స్‌చేంజీల కోసం పుట్టిన భాష, అక్కడ ఇది బాగా కుదిరింది. అయితే ప్రాసెస్ మళ్లీ లేచి మళ్లీ అదే చెడ్డ ఫైల్ చదివితే మళ్లీ పడుతుంది.

గో భాష మధ్యలో ఆగింది. ఎర్రర్‌ని విలువగానే ఇస్తుంది, కానీ "ఇది లేదా అది"గా కాదు, "ఇదీ అదీ" జంటగా. ఎర్రర్ చూడకుండా విలువ వాడుకున్నా కంపైలర్ ఆపదు. ప్రతి పిలుపు తర్వాత ఎర్రర్ నిల్ కాదా అని మూడు లైన్ల చెక్ రాయాలి, జనం ఏళ్లుగా విసుక్కుంటున్నారు. 2018లో, 2019లో, ఆ తర్వాతా పొట్టి రూపాల ప్రతిపాదనలు వచ్చాయి, ఏదీ అందరికీ నచ్చలేదు. చివరికి 2025 జూన్‌లో గో టీమ్ ఇక దీనికోసం సింటాక్స్ (కోడ్ రాసే రూపం) మార్పులు చూడబోమని చెప్పేసింది. నిజానికి ఆ మూడు లైన్లు ఇష్టపడేవాళ్లూ తక్కువేం కాదు, డీబగ్ చేసేటప్పుడు ఆగడానికి అక్కడో చోటుంటుందని.

స్విఫ్ట్‌లో విఫలమయ్యే ఫంక్షన్ సంతకంలో త్రోస్ అని ఉండాలి, పిలిచేచోట ట్రై అని రాయాలి, అంటే చూడటానికి ఎక్సెప్షన్, పద్ధతిలో రిజల్ట్‌కి దగ్గర. ఏ రకం ఎర్రర్ వస్తుందో మాత్రం మొదట్లో టైప్‌లో ఉండేది కాదు. 2024లో ఆరో వెర్షన్‌తో అది కూడా రాసే వీలొచ్చింది. ఆ వీలు తెచ్చిన ప్రతిపాదనలోనే ఇంకో మాట ఉంది: చాలా స్విఫ్ట్ కోడ్‌కి టైప్ రాయని పాత రూపమే మంచిదని.